న్యాయస్థానపు గడప సుంకము

"కోర్టులో ఓడినవాడు అక్కడనే ఏడ్చును, గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడ్చును" అని మన పల్లెలలో ఒక సామెత కలదు. ఈ సామెత పుట్టుటకు వ్యాజ్యముల ఆలస్యము ఒక కారణము, వకీలు ఖర్చు మఱియొక కారణము. మూడవది ఒకటి కలదు. దానిని ఎండవానలవలె సహజమైనదిగా ఎంచి మనము ఊరకుందుము. అది న్యాయస్థానము తానుగా పుచ్చుకొను సొమ్ము. ఈ సొమ్ము రెండు రూపములలో వచ్చును. న్యాయము కోరి వచ్చినవాడు చెల్లించునది కోర్టు రుసుము. నేరము చేసినవాడు చెల్లించునది జరిమానా. మొదటిది సేవకు మూల్యమనియు, రెండవది శిక్ష యనియు చెప్పుదురు. పేరులు వేఱైనను బీదవాని ముంగిట ఈ రెండును ఒకే ముఖముతో నిలుచును. కావున గ్రామ పెద్దలైన మీతో ఈ రెండింటిని గూర్చియు ముచ్చటింపదలచినాను.

కోర్టు రుసుము మన దేశమున అనాదిగా వచ్చిన ఆచారము కాదు. కారన్వాలిసు ప్రభువు బంగాళములో 1793లో న్యాయస్థానములను కొత్తగా ఏర్పాటు చేసినపుడు దావా వేయుటకు రుసుము ఉండరాదని తలచెను. అయితే రెండు సంవత్సరములు గడువకమునుపే, 1795లో, ఆ రుసుము తిరిగి వచ్చినది. ఆధారము లేని దావాలు పెరిగిపోవుచున్నవనియు, వానిని అరికట్టుటకే రుసుము పెట్టుచున్నామనియు ఆనాటి ప్రభుత్వము కారణము చెప్పెను. 1835లో మెకాలే ఈ వాదమును మిక్కిలి తీవ్రముగా ఖండించెను. దావా నిజమైనదో కాదో విచారణ ముగిసిన తరువాతగాని తెలియదు. రుసుము విచారణకు ముందే చెల్లింపవలెను. అట్టిది నిజమైన దావాను అబద్ధపు దావానుండి ఎట్లు వేఱుచేయగలదు? రెండింటిని సమానముగా అడ్డగించును, అంతే. పిడుగుకును బియ్యమునకును ఒకే మంత్రమని మనవారు అనునది ఇట్టి దానినే.

అయినను రుసుము నిలిచినది, పెరిగినది కూడ. 1867లో రేట్లను హెచ్చించగా దావాలు వేయువారే వెనుకాడుట కనబడినది. అందుచేత 1870లో ఆ రేట్లను సవరించి కోర్టు రుసుముల చట్టమును చేసిరి. ఆ చట్టములోని పట్టిక మీ ముందుంచెదను. లెక్కలు తెలిసిన పెద్దలు దానిని చూచినచో విషయము బోధపడును.

ఆ పట్టిక ప్రకారము వంద రూపాయల దావాకు ప్రతి 5 రూపాయలకు 6 అణాల వంతున 7 రూపాయల 8 అణాలు చెల్లింపవలెను. వేయి రూపాయల దావాకు 75 రూపాయలు. పదివేల దావాకు 475 రూపాయలు. లక్ష రూపాయల దావాకు 1,425 రూపాయలు. ఎంత పెద్ద దావాకైనను రుసుము 3,000 రూపాయలకు మించరాదని కట్టడి చేసిరి. దీని అర్థమేమి? వంద రూపాయల బాకీకై వచ్చిన రైతు నూటికి ఏడున్నర రూపాయలు ఇచ్చెను. లక్షకై వచ్చిన షావుకారు నూటికి ఒకటిన్నర రూపాయకు లోపుగా ఇచ్చెను. పదిలక్షలకై వచ్చిన సంపన్నుడు నూటికి అయిదణాలకు లోపుగా ఇచ్చెను. సంపన్నుడిచ్చిన దానికంటె రైతు ఇరువదియైదు రెట్లు అధికమైన రేటున ఇచ్చెనన్నమాట. పంటమీద శిస్తు ఈ విధముగా వేసినచో ఊరు ఊరంతయు తిరుగబడియుండును. ఇది కోర్టు గుమాస్తా బల్లవద్ద ఒక్కొక్కరిగా చెల్లించునది గావున ఎవరికిని కనబడలేదు.

తరువాత ఆయా రాష్ట్రములు తమ తమ చట్టములు చేసికొనినవి. మద్రాసు రాజధానిలో 1922లో రేట్లను పెంచిరి. ఆంధ్రలో 1956లో కోర్టు రుసుములు, దావా విలువల చట్టము వచ్చినది. నేడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు రెండింటికిని ఆ చట్టమే మూలము. అంకెలు మారినవి. అయినను దావా మొత్తము పెరిగినకొలది నూటికి పడు రేటు తగ్గు పద్ధతి పాత పునాదిమీదనే నిలిచియున్నది. కొన్ని వ్యాజ్యములకు స్థిరమైన చిన్న రుసుము కలదు. తక్కిన వానికి ఆస్తి విలువను బట్టి రుసుము పడును. అపీలు చేసినచో రుసుము మరల చెల్లింపవలెను.

ఒక ఉదాహరణము చెప్పెదను. ఉమ్మడి కుటుంబపు భూమిని పంచుమని వేయు దావాను తీసికొనుడు. వాది ఆ భూమిలో తక్కినవారితో కలసి స్వాధీనమున ఉన్నయెడల స్థిరమైన రుసుము చాలును. అతనిని వెడలగొట్టి, స్వాధీనము లేకుండ చేసిన యెడల, అతని వాటా యొక్క మార్కెట్టు విలువను బట్టి రుసుము కట్టవలెను. ఇంటిలో కూర్చుండి తగవులాడువాడు తక్కువ ఇచ్చును. వీధిలోనికి నెట్టబడినవాడు ఎక్కువ ఇచ్చును. ఎవనికి అన్యాయము ఎక్కువ జరిగినదో వానికే గడప సుంకము ఎక్కువ. ఒక ఎకరము వాటాకై నిలిచినవాడు రుసుముకై అప్పుచేసి, ఆ అప్పు వడ్డీతో పెరుగుచుండగా వాయిదాల చుట్టు తిరుగుట ఈ పద్ధతిలో సహజముగా జరుగునట్టిదే. గెలిచినపుడు ఖర్చులను ప్రతివాదివద్ద రాబట్టుకొనవచ్చునని చట్టము చెప్పును. డిక్రీ కాగితము చేతికి వచ్చుట వేఱు, సొమ్ము చేతికి వచ్చుట వేఱు. ఆ భేదము మీకు తెలియనిది కాదు.

రుసుమును సమర్థించువారి మాటయు వినవలెను. వారు రెండు కారణములు చెప్పుదురు. న్యాయస్థానముల ఖర్చు ఎవరో ఒకరు భరింపవలెను గదా, వాడుకొనువారే ఎందుకు భరింపరాదు? ఇది మొదటిది. రుసుము లేనిచో పొరుగువానిని వేధించుటకై ప్రతివాడును కోర్టు కెక్కడా? ఇది రెండవది.

మొదటి దానికి సమాధానము ఇది. న్యాయస్థానము వలన మేలు పొందువాడు దావా వేసినవాడు మాత్రమే కాదు. పత్రము వ్రాసికొన్న ప్రతివాడును, పొలము గట్టు జరుపక నిలుపుకొన్న ప్రతివాడును, కోర్టు ఉన్నదను భయము ఊరిలో ఉండుటచేతనే నిశ్చింతగా నిద్రించుచున్నాడు. ఊరి చెరువు కట్టను కాపాడు ఖర్చు కట్ట తెగిననాడు మునిగినవానివద్ద వసూలు చేయుదుమా? 1955లో నియమింపబడి సెతల్వాడ్ గారి అధ్యక్షతను పనిచేసిన మొదటి న్యాయ సంఘము 1958లో ఇచ్చిన పదునాలుగవ నివేదికలో ఈ విషయమును విచారించినది. న్యాయము చేయుట రాజ్యము యొక్క ప్రథమ ధర్మములలో ఒకటియని అది తలచినది. రుసుము ఉండకతప్పదన్నను, దాని ఆదాయము సివిలు న్యాయ నిర్వహణకగు ఖర్చును మించరాదనియు, రుసుములను తగ్గింపవలెననియు సలహా యిచ్చినది. ఆ నివేదిక వచ్చి అరువది సంవత్సరములు దాటినది.

రెండవ దానికి సమాధానము చట్టములోనే కలదు. అబద్ధపు దావా వేసినవాడని విచారణలో తేలినపుడు ఎదిరికి పరిహారము ఇప్పించు అధికారము సివిలు ప్రొసీజరు కోడులోని 35ఏ విభాగమున ఉన్నది. ఆ పరిహారమునకు గరిష్ఠము 3,000 రూపాయలు. ఈ మొత్తమును పెంచి, ఆ అధికారమును గట్టిగా వాడినచో దోషి ఒక్కడే శిక్షింపబడును. దొంగ వచ్చునేమో యని సత్రము తలుపువద్ద బాటసారు లందరివద్దను సొమ్ము పుచ్చుకొనుట కంటె, దొంగ దొరికినపుడు పట్టుకొనుట మేలు గదా.

ఇప్పుడు, చట్టము మార్చువఱకును వేచియుండనవసరము లేని ఉపాయములు కొన్ని చెప్పెదను. ఇవి ఉన్నవని తెలియకయే ఎందఱో నష్టపడుచున్నారు.

రుసుము కట్టుటకు చాలిన స్తోమతు లేనివాడు సివిలు ప్రొసీజరు కోడులోని 33వ ఆర్డరు క్రింద అనుమతి పుచ్చుకొని రుసుము లేకుండ దావా వేయవచ్చును. అయితే గెలిచినయెడల ఆ రుసుమును తరువాత రాబట్టుదురు. ఓడినను వాది చెల్లింపవలసి వచ్చును. కావున ఇది మాఫీ కాదు, వాయిదా మాత్రమే.

ఇంతకంటె మేలైనది 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టము. ఇది 1995లో అమలునకు వచ్చినది. ఈ చట్టము ప్రకారము స్త్రీలకును, పిల్లలకును, షెడ్యూల్డు కులములవారికిని, తెగలవారికిని, అంగవైకల్యము గలవారికిని, పారిశ్రామిక కార్మికులకును, నిర్బంధమున ఉన్నవారికిని ఆదాయ పరిమితితో నిమిత్తము లేకుండ ఉచిత సహాయము దొరకును. తక్కినవారికి ఆదాయ పరిమితి కలదు. ఈ సహాయమున వకీలు మాత్రమే కాక కోర్టు రుసుమును చేరియున్నది. తండ్రి ఆస్తిలో వాటాకై నిలిచిన ఆడపడుచు రుసుముకై మెడలోని గొలుసు తాకట్టు పెట్టనవసరము లేదు. జిల్లా కోర్టు ఆవరణలోని సంస్థ కార్యాలయమున గాని, మండల న్యాయ సేవల కమిటీ వద్ద గాని దరఖాస్తు ఇచ్చిన చాలును. 15100 అను ఫోను నంబరునకు పలికినను దారి చెప్పుదురు.

దావా వేసిన తరువాత లోకదాలత్తులో రాజీ కుదిరినచో కట్టిన రుసుము తిరిగి వచ్చును. కోర్టు వెలుపల ఉభయులు తమంతట తాము రాజీ పడినను రుసుము వాపసు ఇయ్యవలసినదేయని, తమిళనాడు చట్టమును గూర్చిన వ్యాజ్యములో సుప్రీంకోర్టు 2021లో చెప్పినది. ఇక 2008 నాటి గ్రామ న్యాయాలయముల చట్టము ప్రకారము అక్కడ వేయు దావాకు రుసుము వంద రూపాయలకు మించరాదు. ఇది 2009 అక్టోబరు 2వ తేదీనుండి అమలులో ఉన్నది. ఇట్టి న్యాయాలయము మీ ప్రాంతమున లేనియెడల అది కావలెనని అడుగుట పెద్దల విధి.

ఇక జరిమానా సంగతి. ఇచట చిక్కు వేఱు విధము. రుసుము బీదవానిని కోర్టు లోనికి రానీయదు; జరిమానా వానిని జైలునుండి వెలికి రానీయదు.

2024 జూలై 1వ తేదీనుండి భారతీయ న్యాయ సంహిత అమలునకు వచ్చినది. జరిమానా మాత్రమే విధింపదగిన నేరములలో దానిని చెల్లింపని యెడల ఎంతకాలము జైలులో ఉంచవచ్చునో అందు చెప్పబడినది. జరిమానా 5,000 రూపాయలకు మించనిచో రెండు నెలలవఱకు, 10,000కు మించనిచో నాలుగు నెలలవఱకు, అంతకు మించినచో ఒక సంవత్సరమువఱకు. ఇద్దరు మనుష్యులు ఒకే తప్పు చేసి, ఒకే జరిమానా 5,000 రూపాయలు పడినవారనుకొందము. ఒకడు జేబులోనుండి తీసి ఇచ్చి మధ్యాహ్నమునకు ఇల్లు చేరును. రెండవవాడు దినమునకు 400 రూపాయల కూలివాడు. పండ్రెండున్నర దినములు తిండి మానినగాని ఆ సొమ్ము కూడదు. చెల్లింపలేక రెండు నెలలు జైలులో నుండినచో వాని కూలి పోవును, ఇంటిలోనివారి తిండి పోవును. తప్పు ఒకటియే, తీర్పు ఒకటియే, శిక్షలు మాత్రము రెండైనవి. ఆ రెండవ శిక్ష పడినది తప్పునకు కాదు, లేమికి.

ఈ విషయము మన న్యాయమూర్తులకు తెలియనిది కాదు. కేవలము పేదరికముచేత అప్పు తీర్చలేనివానిని సివిలు జైలునకు పంపుట తగదని సుప్రీంకోర్టు 1980లో చెప్పినది. జరిమానా చెల్లింపనందుకు విధించు ఖైదు అసలు శిక్ష కాదనియు, చెల్లింపని లోపమునకు కలుగు ఫలము మాత్రమేయనియు, దానిని నిర్ణయించునపుడు దోషి యొక్క ఆర్థిక స్థితిని గమనింపవలెననియు 2007లో మరల చెప్పినది. గడువు ఇచ్చు మార్గమును చట్టములో కలదు. జరిమానాను ముప్పది దినముల లోపల గాని, రెండు మూడు వాయిదాలలో గాని చెల్లింపవచ్చునని కోర్టు ఉత్తరువు చేయవచ్చును. అడిగినవానికే ఇది దొరకును. బోనులో నిలిచిన కూలివానికి అడుగవచ్చునని ఎవరు చెప్పుదురు?

జరిమానాను మనిషి స్తోమతుతో తూచవలెనను తలపు కొత్తది కాదు. 1215లో ఇంగ్లండు రాజు ప్రభువులకు వ్రాసియిచ్చిన మాగ్నా కార్టా అను శాసనమున, న్యాయమును ఎవరికిని అమ్మనని రాజు మాట యిచ్చెను. ఆ శాసనముననే, జరిమానా తప్పునకు తగినదిగా ఉండవలెననియు, సేద్యగాని వద్ద జరిమానా పుచ్చుకొన్నను వాని సేద్యపు సాధనములను విడిచిపెట్టవలెననియు కలదు. మన సివిలు ప్రొసీజరు కోడులోని 60వ విభాగమును డిక్రీకై జప్తు చేయునపుడు రైతు నాగలిని, సేద్యమునకు కావలసిన పశువులను వదలి పెట్టుమనును. మనిషి బ్రతుకుతెరువును చెఱచి వసూలు చేయరాదను ధర్మము రెండు చోట్లను ఒకటియే.

ఈ ధర్మమునకు ఫిన్లాండు దేశమువారు 1921లో ఒక లెక్క కనిపెట్టిరి. దానిని దినజరిమానా యందురు. స్వీడను 1931లోను, డెన్మార్కు 1939లోను, జర్మనీ 1975లోను ఇట్టి దానినే స్వీకరించెను. న్యాయమూర్తి ముందుగా తప్పును బట్టి ఇన్ని దినములని నిర్ణయించును. తరువాత ఆ మనిషి దినాదాయమును చూచి దినమునకు ఇంతయని కట్టును. పది దినముల తప్పు చేసినవారు ఇద్దరున్నారనుడు. దినమునకు 200 రూపాయలు కట్టబడిన కూలివాడు 2,000 ఇచ్చును. దినమునకు 5,000 కట్టబడిన వర్తకుడు 50,000 ఇచ్చును. ఇద్దరికిని నొప్పి సమానము. ఇంగ్లండువారు 1992లో ఇటువంటి పద్ధతిని ప్రారంభించి మఱుసటి సంవత్సరమే విడిచిరి. చిన్న తప్పులకును పెద్ద మొత్తములు పడి జనము నవ్వుటచే అట్లయినది. కావున మనము పట్టికను జాగ్రత్తగా కూర్చుకొనవలెను. ఇతర దేశములలో ఇది నూరేండ్లుగా నడచుచున్నది గదా.

మన దేశమున కొంత వెలుగు కనబడుచున్నది. కొత్త సంహిత ఆరు నేరములకు సంఘసేవను శిక్షగా చేర్చినది. 5,000 రూపాయలకు లోపు విలువగల వస్తువును మొదటిసారి దొంగిలించి తిరిగి ఇచ్చినవానికి సంఘసేవయే శిక్ష. జరిమానా చెల్లింపలేక జైలులో మిగిలిన బీద ఖైదీలకై కేంద్ర ప్రభుత్వము 2023లో ఒక పథకము పెట్టినది. అప్పటి నియమముల ప్రకారము జరిమానాకై 25,000 రూపాయలవఱకును, విచారణలో ఉన్నవారి జామీనుకై 40,000 రూపాయలవఱకును సహాయము కలదు. మంచిదే. అయితే రాజ్యము ఒక చేతితో జరిమానా వేసి, మఱియొక చేతితో అదే జరిమానా చెల్లించుటకంటె, చెల్లింపగలిగినంతయే మొదట వేయుట సులువైన మార్గము.

నేను కోరునది చిన్న పట్టిక. చిన్న మొత్తముల దావాలకు విలువను బట్టి రుసుము ఉండరాదు. స్థిరమైన స్వల్ప రుసుము చాలును. పెద్ద దావాలకు రేటు మెట్టు మెట్టుకు హెచ్చవలెనే కాని తగ్గరాదు. స్వాధీనము కోల్పోయినవానికి స్వాధీనమున ఉన్నవానికంటె ఎక్కువ రుసుము పడరాదు. జరిమానా విధించుటకు ముందు స్తోమతును విచారింపవలెను. గడువును, వాయిదాలను కోర్టే తానుగా తెలుపవలెను. వాయిదాలు మూడింటికి మించి ఇయ్యవచ్చునని చట్టమును సవరింపవలెను. చెల్లింప మనసు లేనివానికే ఖైదు, చెల్లింప శక్తి లేనివానికి సంఘసేవ. చివరిది ముఖ్యమైనది: జరిమానాను ఖజానా రాబడిగా ఎన్నడును లెక్కింపరాదు. అమెరికాలో ఫెర్గుసన్ అను పట్టణము జరిమానాల రాబడిమీద ఆధారపడి పోలీసులను, కోర్టును వసూలుదారులుగా మార్చినదని ఆ దేశపు న్యాయశాఖయే 2015లో నివేదించినది. జరిమానా సొమ్మునుండి బాధితునకు పరిహారమిప్పించు అధికారము మన కోర్టులకు కలదు. ఆ సొమ్ము పోవలసిన మొదటి చోటు అదియే.

కోర్టు రుసుములు రాజ్యాంగము ప్రకారము రాష్ట్ర శాసనసభల అధికారములోనివి. సుప్రీంకోర్టు రుసుములు మాత్రము వేఱు. కనుక ఈ మాట ఢిల్లీకి పోనక్కరలేదు. మీ వోటు అడుగ వచ్చు శాసనసభ్యుని చెవిని వేసిన చాలును. రోడ్డును గూర్చి, నీటిని గూర్చి అడుగునట్లే దీనిని గూర్చియు అడుగుడు. అంతవఱకు మీ ఊరిలో ఎవరికైన కోర్టు కాగితము వచ్చినపుడు వారిని రచ్చబండవద్ద కూర్చుండబెట్టుకొని మూడు ప్రశ్నలు వేయుడు. ఉచిత సహాయమునకు దరఖాస్తు ఇచ్చితివా? రాజీ పడినచో రుసుము తిరిగి వచ్చునని తెలియునా? జరిమానాకు వాయిదాలు అడిగితివా? ఈ మూడు ప్రశ్నలకు ఖర్చు లేదు. వీనిని వేళకు అడిగినవారు ఉండినయెడల కొన్ని ఇండ్లలోనైన తాకట్టు పోక పొలము నిలుచును.